బాండ్ థీమ్ మన దగ్గర దొంగిలించింది కాదు

జేమ్స్ బాండ్ సినిమాల సంగీతం అసలు మనదేనంటూ ఒక సందేశం వాట్సాప్‌లో తిరుగుతోంది. దాన్ని నాకు పంపినవారిలో సంగీతం నేర్చుకున్నవాళ్లూ, తీర్పులు చదవడమే వృత్తిగా ఉన్నవాళ్లూ ఉన్నందువల్ల చూసీ చూడనట్టు ఊరుకోవడం నా వల్ల కావడం లేదు. సందేశం సారాంశం ఇది: ఆ థీమ్ కీరవాణి రాగంలోని ఒక కీర్తన, 1962లో లండన్‌లో ఒక భారతీయ సితార్ విద్వాంసుడి చేత దాన్ని వాయించుకుని, చేతిలో 6 పౌండ్లు పెట్టి పంపేశారు, తర్వాతి రీమిక్సులలో సితార్‌ను చెరిపేసి సాక్ష్యం లేకుండా చేశారు, స్వరకర్తగా పేరు వేసుకున్న మాంటీ నార్మన్ మోసగాడని కోర్టే తేల్చింది, 60 ఏళ్లు దాటాయి కాబట్టి ఇక దాన్ని ఎవరైనా ఉచితంగా రీమిక్స్ చేసుకోవచ్చు. కొసమెరుపుగా, బాండ్ గూఢచారి సంఖ్య 007లోని ఏడు మన సప్తస్వరాలకు సంకేతమట.

ఆ ఏడు సంగతి ముందే వదిలించుకుందాం. బాండ్ నవలల రచయిత ఇయాన్ ఫ్లెమింగ్ ఆ సంఖ్యను 1953 నాటి తొలి నవలలోనే వాడాడు. అప్పటికి సినిమా లేదు, థీమూ లేదు.

6 పౌండ్ల కథకు మాత్రం ఆధారం ఉంది, కాకపోతే మనిషీ వాద్యమూ మారిపోయాయి. ఆ డబ్బు పుచ్చుకున్నది విక్ ఫ్లిక్ అనే ఆంగ్లేయ గిటారిస్టు. 1939 నాటి క్లిఫర్డ్ ఎసెక్స్ గిటారుకు పికప్ (తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే పరికరం) తగిలించి, తీగలను వాటి అడుగునున్న బ్రిడ్జికి దగ్గరగా ప్లెక్ట్రమ్ అనే మీటుడు బిళ్లతో గట్టిగా మీటడం వల్ల ఆ లోహపు పదును వచ్చింది. అది ఎవరి చెవికైనా సితార్‌లా తోచి ఉంటే తప్పు పట్టను. అయితే చెవికి తోచినదాన్నల్లా చరిత్రగా రాసి పదిమందికీ పంపకూడదు.

ఇక కీరవాణి. ఏ కీర్తనో, ఎవరి రచనో సందేశంలో లేదు. ఉంటే వెతికి చూస్తారన్న భయం కాబోలు. సరే, థీమునే స్వరాల్లో రాసి చూద్దాం. శుద్ధ, చతుశ్రుతి, సాధారణ, కైశికి, కాకలి అనేవి ఒకే స్వరం పలికే వేర్వేరు స్థాయిల పేర్లు. మొదట్లో వాద్యబృందం పట్టుకునే వరుస పంచమం, శుద్ధ ధైవతం, చతుశ్రుతి ధైవతం, తిరిగి శుద్ధ ధైవతం. ఈ నాలుగు మెట్లే చుట్టూ తిరుగుతూ ఆ గూఢచారి వాతావరణాన్ని సృష్టిస్తాయి. దాని మీద గిటారు స రి రి రి రి స స స, స గ గ గ గ రి రి రి అని నడుస్తుంది. ఇక్కడ రిషభం చతుశ్రుతి, గాంధారం సాధారణం. ఆ తర్వాత కాకలి నిషాదం మీద నిలిచి, అక్కడి నుంచి కైశికి నిషాదానికి జారి, ప మ ప అని ముగుస్తుంది. అంటే ఒకే రచనలో రెండు ధైవతాలు, రెండు నిషాదాలు. కీరవాణిలో శుద్ధ ధైవతమూ కాకలి నిషాదమూ తప్ప మిగతా రెండింటికీ చోటు లేదు. కర్ణాటక సంగీతంలో మూల రాగాలైన 72 మేళకర్తలనూ తిరగేసినా ఈ స్వరాలన్నిటికీ ఆశ్రయమిచ్చే మేళం దొరకదు. మధ్యలో ఇత్తడి వాద్యాలు అందుకునే భాగం జాజ్ బిగ్ బ్యాండ్ స్వింగ్; దాన్ని కీర్తనలో ఏ అంగంగా లెక్కించాలో పంపినవారే సెలవివ్వాలి. చిత్రమేమిటంటే, చివర్లో గిటారు మీద మోగి వదిలేసే ఆ ప్రసిద్ధమైన కార్డ్‌లో (కలిపి మోగించే స్వరాల గుంపులో) ఉన్నవి స, గ, ప, ని, రి, అవి మాత్రం అచ్చంగా కీరవాణి స్వరాలే. ఒక్క కార్డ్ కలిసిందని రాగం అంటగడితే ప్రపంచంలో సగం సంగీతం మనదే అవుతుంది.

ఇంత చెప్పాక, సందేశం రాసినవారికి తెలియకుండానే వారికి అనుకూలంగా ఉన్న ఒక సంగతి నేనే చెప్పాలి. ఈ థీముకు భారతీయ సంబంధం నిజంగానే ఉంది. వి.ఎస్. నైపాల్ 1961 నాటి నవల 'ఎ హౌస్ ఫర్ మిస్టర్ బిస్వాస్' ట్రినిడాడ్‌లో స్థిరపడిన భారతీయ సంతతి కుటుంబాల కథ. దాన్ని సంగీత నాటకంగా మలచే ప్రయత్నంలో నార్మన్ 'బ్యాడ్ సైన్, గుడ్ సైన్' అనే పాట కట్టాడు. నాటకం రంగస్థలం ఎక్కలేదు. 'డాక్టర్ నో' సినిమాకు సంగీతం చేయవలసి వచ్చినప్పుడు ఆ పాట వరుసనే బయటికి తీశాడు. భారతీయ ఛాయ కోసం ప్రయత్నించి కట్టిన వరుస అని ఆయనే చెప్పుకున్నాడు. అందులో దొంగతనమేమీ లేదు; మన సంగీతం ఎలా ఉంటుందని లండన్ స్వరకర్త ఒకరు ఊహించుకున్నారో అది ఉంది. అబద్ధం కంటే ఈ నిజమే ఆసక్తికరంగా ఉన్నా, గర్వపడడానికి వీలుగా లేదు గనుక ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

రీమిక్సులు సితార్‌ను చెరిపేశాయన్నది పరిశీలనకు కూడా తగదు. మొదట్లోనే లేనిదాన్ని చెరిపేదెలా? అసలు ఆ సినిమా కథ జరిగే జమైకాలోనే స్కాటలైట్స్ బృందం దీన్ని స్కా లయలోకి మార్చింది. 1997లో మోబీ నృత్య సంగీతంగా మలచి బ్రిటన్ టాప్ టెన్‌లోకి తెచ్చాడు. అదే ఏడాది డేవిడ్ ఆర్నాల్డ్ ఆల్బమ్ కోసం ఎల్.టి.జె. బుకెం డ్రమ్ అండ్ బాస్ అనే వేగమైన ఎలక్ట్రానిక్ శైలిలోకి తీసుకువెళ్లాడు. లయ మారింది, వాద్యాలు మారాయి. గిటారు వరుసా, కింద ఎక్కి దిగే ఆ నాలుగు మెట్లూ పోలేదు. అవి పోతే విన్నవారు గుర్తుపట్టరని వాళ్లందరికీ తెలుసు.

కోర్టు మాట మరీ అన్యాయం, ఎందుకంటే ఇక్కడ తీర్పును తలకిందులు చేశారు. థీమ్ నిజానికి దానికి వాద్యసమ్మేళనం చేసిన జాన్ బ్యారీ రచన అని 1997లో సండే టైమ్స్ రాస్తే, పరువునష్టం దావా వేసింది నార్మనే. 2001లో లండన్ హైకోర్టులో బ్యారీ స్వయంగా పత్రిక పక్షాన సాక్ష్యం చెప్పినా, జ్యూరీ నార్మన్ వైపే నిలిచి 30,000 పౌండ్ల పరిహారం ఇప్పించింది. ఓడిన పక్షం వాదనను తీర్పుగా ప్రచారం చేసేవారు కనీసం ఎవరు గెలిచారో చూడవలసింది. ఆ సంగీతానికి ఒళ్లూ, పొగరూ ఇచ్చింది బ్యారీ వాద్యసమ్మేళనమేనని నా నమ్మకం. నార్మన్ వరుస ఒక్కటే ఉండి ఉంటే ఇన్నేళ్ల తర్వాత దాని గురించి మనం వాదించుకునేవాళ్లం కాదు. అయినా వాద్యసమ్మేళనం చేసినవాడు స్వరకర్త కాడు, స్వరకర్త మోసగాడూ కాడు.

చివరిది ఉచిత రీమిక్స్ సలహా. భారతీయ చట్టంలో సంగీత రచనకు 60 ఏళ్లు లెక్కపెట్టేది విడుదల నుంచి కాదు, రచయిత మరణించిన మరుసటి సంవత్సరం నుంచి. బ్రిటన్‌లో ఆ గడువు 70 ఏళ్లు. నార్మన్ 2022 జూలైలో మరణించాడు. అంటే 1962 నుంచి లెక్కపెట్టి గడువు ముగిసిందని సందేశం చెప్పే సంవత్సరంలోనే అసలు లెక్కకు అంకురార్పణ జరిగింది. అది ఇక్కడ 2082 చివరి దాకా, అక్కడ 2092 చివరి దాకా సాగుతుంది. పైగా రీమిక్స్‌లో స్వరరచనతో పాటు ఒకరు రికార్డు చేసిన ధ్వనిని కూడా వాడుకుంటారు కనుక, ఆ రికార్డింగుకు హక్కుల గడువు ఇంకా మిగిలి ఉంటే దాని హక్కుదారుడి అనుమతి విడిగా తీసుకోవాలి. సొంతంగా గిటారు పట్టి వాయించి విడుదల చేస్తే ఆ రెండో అనుమతి అక్కరలేదు, మొదటిది మాత్రం తప్పదు.