కివామె ముద్ర గారికి ఓ బహిరంగ లేఖ

మహారాజశ్రీ కివామె ముద్ర గారికి, జపాన్ కబుకీ నాటకాల నటుల బొమ్మల పిచ్చివాడొకడు నమస్కరించి రాయునది ఏమనగా,

ఉభయకుశలోపరి. 1790 మొదలు ఎడో నగరంలో (ఇప్పటి టోక్యో) చెక్కపలకలతో అచ్చయిన బొమ్మల్లో ఓ మూల వేలిగోరంత గుండ్రంగా కూర్చుని, "పరిశీలించడమైనది, సర్కారుకు భయమేమీ లేదు" అని హామీ ఇచ్చిన తనిఖీ ముద్ర తమరే కదా!

తమరి పుట్టుక ముచ్చటైనది. చిత్రకారుడు పల్చటి కాగితం మీద నల్లగీతలతో బొమ్మ వేస్తాడు. దాని మీద తమరిని కొట్టించుకొస్తారు. ఆ కాగితాన్ని చెర్రీ పలక మీద బోర్లా అతికించి, నటుడి కనుబొమలతోపాటు తమరినీ తిరగేసి చెక్కుతాడు పనివాడు. అంటే ఊరంతా తిరిగిన ప్రతుల మీద ఉన్నది అధికారి వేసిన ముద్ర కాదు, చెక్కేవాడి చేతిపని! పైగా మొదట్లో తనిఖీ చేసింది ఆ బొమ్మలు అచ్చేసి అమ్ముకునే వర్తకుల సంఘంవారే. దొంగకే తాళంచెవులిచ్చారన్నమాట.

1794లో షరాకు అనే చిత్రకారుడు వేసిన ఒతాని ఒనిజి అనే నటుడి బొమ్మ తమరికి గుర్తుండే ఉంటుంది. వెనక అభ్రకం మెరుపు. కిమోనో ఎదలోంచి పొడుచుకొచ్చిన రెండు చేతులు, విచ్చుకున్న వేళ్లు, బిగించిన పెదవులు. ఆడవేషం వేసిన మగనటుల ముసలి దవడలను కూడా ఆయన వదల్లేదు. తమరు అన్నిటికీ సరే అన్నారు. రాజకీయం వెతికే కంటికి ముక్కులు ఎక్కడ ఆనతాయి? పది నెలలకే షరాకు జాడ లేకుండా పోయాడు. అది తమరి ఘనత కాదులెండి.

1842లో సంస్కరణల పేరిట నటుల బొమ్మలనే నిషేధించారు. దంజూరో అనే వంశనామం ధరించిన నటుల్లో ఏడవవాడిని, ఆడంబరం ఎక్కువైందని ఊరు వెళ్లగొట్టారు. అదే ఊపులో తమరి ఉద్యోగమూ పోయింది, పేటపెద్దల పేరు ముద్రలు వచ్చాయి. పాపం! ఆ కొత్తవాళ్ల కళ్ల ముందే కునియోషి అనే చిత్రకారుడు గోడ మీద మేకుతో గీకిన పిచ్చిగీతల్లా నటుల ముఖాలు వేశాడు, తోడుగా ఓ పిల్లిని కూడా. తాబేళ్లకూ నటుల ముఖాలే తగిలించాడు. పేరు రాయకపోతేనేం, మెచ్చిన నటుడి ముక్కు జనానికి తెలియదా?

1854లో ఎనిమిదవ దంజూరో ఒసాకాలో ఆత్మహత్య చేసుకున్నప్పుడైతే సంతాపచిత్రాలు వరదలా వచ్చిపడ్డాయి. వాటిలో చాలావాటి మీద ఏ ముద్రా లేదు. అచ్చేసినవాడి పేరూ లేదు. ఏడవడానికి అనుమతెందుకని కాబోలు.

ఇప్పుడు మ్యూజియంవాళ్లు, సేకర్తలు తమరి కోసం భూతద్దం పట్టుకుని వెతుకుతున్నారు. గౌరవించడానికి కాదు, బొమ్మ ఏ కాలానిదో తేల్చడానికి. బొమ్మల నోరు కట్టేయడానికి పుట్టినవారు, ఆ బొమ్మల పుట్టినరోజు లెక్కలు రాసే గుమాస్తా అయ్యారు. జీతం మాత్రం అడక్కండి.

ఇట్లు,
ముద్ర కన్నా ముందు ముక్కు చూసేవాడు