దేవుడు లేడనడం నేరమనే ప్రచారానికి జవాబు

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం మళ్లీ మళ్లీ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: దేవుడు లేడని బహిరంగంగా అనడం నేరం, రాజ్యాంగం మతాన్ని పాటించే స్వేచ్ఛ ఇచ్చిందే తప్ప కాదనే స్వేచ్ఛ ఇవ్వలేదు, నాస్తికత్వం పరాయి దేశాల సరుకు, నాస్తికులు ఒక్క మతాన్నే వేలెత్తి చూపుతారు, మతం ఎవరికి వారి సొంత వ్యవహారం కాబట్టి నమ్మనివాళ్లు నోరు మూసుకోవాలి, ఇలాంటివాళ్ల సభలు ఊళ్లో జరగనివ్వకూడదు. ఉపాధ్యాయులు, న్యాయవాదులు కూడా దీన్ని పంపుతున్నారు. అందుకే నాస్తికుడిగా దీనికి జవాబు చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

మొదట నేరం సంగతి. దైవాన్ని కాదనడం నేరమని చెప్పే చట్టం మన దేశంలో లేదు. సందేశం పంపేవాళ్లు చూపించేది పాత శిక్షాస్మృతిలోని 295-ఏ సెక్షన్. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో అది 299వ సెక్షన్ అయింది. ఒక వర్గం మతభావాలను గాయపరచాలన్న ఉద్దేశంతో, దురుద్దేశంతో, వారి మతాన్నో విశ్వాసాలనో అవమానిస్తే మూడేళ్ల వరకు జైలు, జరిమానా, లేదా రెండూ విధించవచ్చని అది చెబుతుంది. ఈ సెక్షన్ బ్రిటిష్ పాలనలో 1927లో వచ్చింది. మహమ్మద్ ప్రవక్తను కించపరిచిన ఒక పుస్తకం ప్రచురణకర్తను శిక్షించడానికి అప్పటి చట్టం చాలదని లాహోర్ హైకోర్టు అతన్ని వదిలేసింది. ఆ తర్వాత చెలరేగిన గొడవల్లో దీన్ని చేర్చారు.

1957లో రాంజీలాల్ మోదీ కేసులో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను కొట్టివేయలేదు. కానీ దాని హద్దు గీసింది. తెలియక గానీ, అజాగ్రత్తతో గానీ, దురుద్దేశం లేకుండా గానీ అన్న మాట దీని కిందికి రాదని స్పష్టంగా చెప్పింది. పైగా ప్రభుత్వం ముందుగా అనుమతి ఇస్తే తప్ప ఈ కేసును కోర్టు విచారణకు స్వీకరించదు. రాజ్యాంగం 19(2) అధికరణ వాక్‌స్వేచ్ఛకు పెట్టిన పరిమితులు చదవండి: దేశ సమగ్రత, రాజ్య భద్రత, విదేశాలతో స్నేహం, శాంతిభద్రతలు, సభ్యత, నైతికత, కోర్టు ధిక్కారం, పరువునష్టం, నేరానికి ప్రేరేపించడం. మనోభావాలు గాయపడటం అన్నది ఆ జాబితాలో లేదు. 2015లో ఐటీ చట్టంలోని 66-ఏ సెక్షన్‌ను, అంటే ఆన్‌లైన్‌లో అభ్యంతరకర రాతలకు శిక్ష వేసే సెక్షన్‌ను, కొట్టివేసినప్పుడు సుప్రీంకోర్టు మరో గీత కూడా గీసింది. చర్చించడం, ఒక అభిప్రాయాన్ని గట్టిగా సమర్థించడం రాజ్యాంగం కాపాడే పనులు. అది రెచ్చగొట్టే దశకు చేరినప్పుడే పరిమితుల ప్రశ్న వస్తుంది.

2022 డిసెంబరులో కొడంగల్ సభలో ఒక నాస్తిక వక్త అయ్యప్ప గురించి చేసిన వ్యాఖ్యలనూ, ఆ తర్వాత జరిగిన అరెస్టునూ కొందరు గుర్తుచేస్తారు. ఒక దేవుడి పుట్టుక మీద ఎగతాళి చేయడాన్ని నేను సమర్థించను. దీక్షలో ఉన్న కూలిమనిషికి ఆ మాటలు ఏమీ నేర్పవు, అతన్ని మన నుంచి దూరం చేస్తాయి. నాస్తిక ఉద్యమం తనలో తాను తేల్చుకోవాల్సిన విషయమిది. అయితే ఒకరి ప్రసంగం అభ్యంతరకరంగా ఉందని నాస్తికులందరి నోటికీ తాళం వేయాలనడం, ఒక స్వామీజీ తప్పు మాట్లాడాడని భజనలన్నీ ఆపమనడంతో సమానం.

రాజ్యాంగం కాదనే స్వేచ్ఛ ఇవ్వలేదన్నది రెండో మాట. 25వ అధికరణ మొదలయ్యేదే అంతరాత్మ స్వేచ్ఛతో. మతాన్ని అవలంబించడం, ఆచరించడం, ప్రచారం చేసుకోవడం ఆ తర్వాత వస్తాయి. ఏ మతాన్నీ నమ్మను అని చెప్పుకునే హక్కు ఈ అంతరాత్మ స్వేచ్ఛలో భాగమేనని 2014లో బొంబాయి హైకోర్టు తీర్పు ఇచ్చింది. మన దగ్గరి ఉదాహరణ ఇంకా బలమైనది. వనపర్తి జిల్లా కొత్తకోటలో పుట్టిన తమ బిడ్డకు కులమతాలు లేకుండా జనన ధ్రువీకరణ పత్రం ఇవ్వాలని ఒక జంట కోర్టుకు వెళ్లింది. 'మతం లేదు, కులం లేదు' అని రాసుకునే వీలు దరఖాస్తులో ఉండాలని 2023లో తెలంగాణ హైకోర్టు ఆదేశించింది. ఇది మన పాత పాలమూరు గడ్డ నుంచి వెళ్లిన కేసు.

పరాయి సరుకు అన్న ఆరోపణకు పెద్ద జవాబు అక్కర్లేదు. సూర్యాపేట జిల్లాలో బౌద్ధ శిథిలాలున్న ఫణిగిరి గుట్ట ఎక్కి చూడండి. జడ్చర్ల దగ్గర గొల్లత్తగుడిలో ఇటుకలతో కట్టిన జైన ఆలయాన్ని చూడండి. సృష్టికర్తను ఒప్పుకోని రెండు ధర్మాలు వందల ఏళ్లు ఈ నేల మీద బతికాయి. నాగార్జునకొండలో ఇక్ష్వాకు రాజు వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు అశ్వమేధం చేస్తే, ఆయన తోబుట్టువు శాంతిశ్రీ బౌద్ధ మహాచైత్యానికి దానాలిచ్చింది. ఒకే ఇంట్లో ఆ తేడా ఇమిడింది. విగ్రహారాధనను వేమన ఎంత కటువుగా ఖండించాడో బడిపిల్లలకూ తెలుసు. రామదాసు చెరసాలలో కూర్చుని తన రాముణ్ణే నిలదీశాడు.

ఒక్క మతాన్నే అంటారన్న విమర్శలో కొంత నిజం ఉంది, ఒప్పుకుంటాను. మనిషి తాను పుట్టి పెరిగిన ఇంటి ఆచారాలనే ఎక్కువగా ప్రశ్నిస్తాడు. కానీ నాస్తికులు మిగతా మతాల జోలికి వెళ్లరన్నది అబద్ధం. 2017 మార్చిలో కోయంబత్తూరులో ముస్లిం కుటుంబంలో పుట్టిన ఫరూక్ అనే నాస్తికుణ్ణి చంపింది ఆ మతానికి చెందిన ఛాందసులే. 2015లో ఢాకాలో నాస్తిక రచయిత అవిజిత్ రాయ్‌ని నరికినవాళ్లూ అలాంటివాళ్లే. స్వస్థత కూటాల్లో నూనె రాసి కేన్సర్ తగ్గిస్తామనేవాళ్లనూ, తాయెత్తు కట్టి మూర్ఛ పోగొడతామనేవాళ్లనూ, పూజలతో సంతానం ఇప్పిస్తామనేవాళ్లనూ ఒకే గొంతుతో ప్రశ్నించాలి. మహిమల పేరుతో వైద్యాన్ని ప్రచారం చేయకూడదని 1954 నాటి చట్టమే చెబుతోంది. అది ఏ మతానికీ మినహాయింపు ఇవ్వలేదు.

ఇక అసలు మాట: మతం వ్యక్తిగతం, మీకెందుకు? నిజంగా వ్యక్తిగతమైతే నాకు పనే లేదు. చెర్వుగట్టు జాతరకు వెళ్లే మా బంధువులతో గానీ, లతీఫ్ సాహెబ్ గుట్ట ఉర్సుకు వెళ్లే పొరుగువాళ్లతో గానీ నాకు తగాదా లేదు. కానీ మతం ఇంటి గడప దాటి వచ్చాక ఆ మాట చెల్లదు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు మైకులు వాడకూడదని 2000 నాటి నిబంధనలున్నాయి. గుడి మైకు, మసీదు మైకు, చర్చి మైకు మూడింటికీ అవి వర్తిస్తాయి. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడిలో మతబోధన ఉండకూడదని 28వ అధికరణ అంటోంది. మతం పేరుతో ఓటు అడగడం అక్రమమని 2017లో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం మెజారిటీ తీర్పు చెప్పింది. ప్రభుత్వాలు ఒక పండక్కి చీరలు, ఇంకో పండక్కి విందు, మరో పండక్కి కానుకలు పంచి అదే లౌకికత్వం అంటున్నాయి. అది పన్నుల డబ్బు. అందులో ఏ మతమూ లేనివాడి వాటా కూడా ఉంది. దాని గురించి అడిగే హక్కు అతనికి లేదంటే ఎలా?

అన్నిటికన్నా నన్ను కుదిపేది జోగిని ఆచారం. మక్తల్, నారాయణపేట, ఊట్కూరు ప్రాంతాల్లో దళితుల ఆడపిల్లలను దేవతకు ఇచ్చి పెళ్లి చేసేవారు. ఆ తర్వాత ఆ పిల్ల ఊరి పెద్దలకు లోబడి బతకాల్సి వచ్చేది. ఆమె బిడ్డకు తండ్రి పేరు ఉండేది కాదు. దీన్ని నిషేధిస్తూ 1988లో చట్టం వచ్చింది. అంతకు ముందే, దేవత పేరుతో జరుగుతున్నది ఘోరమని ఊరి మధ్య నిలబడి కొందరు అన్నారు. వారిలో నాస్తికులూ ఉన్నారు, భక్తులూ ఉన్నారు. అప్పుడు ఊరివాళ్ల మనోభావాలు గాయపడలేదా? గాయపడ్డాయని ఆ నోళ్లు మూయించి ఉంటే ఆ పిల్లల గతి ఏమయ్యేది? భక్తుడి మనసు నొప్పి నాకు చిన్న విషయం కాదు. కానీ ఆ నొప్పిని చట్టానికి కొలబద్ద చేస్తే, ఏ దురాచారాన్నీ ఎవరూ ప్రశ్నించలేరు.

మాట్లాడినందుకు చంపడం ఎంత దూరం వెళ్లిందో కూడా చూశాం. పుణెలో 2013లో హేతువాది దభోల్కర్, 2015లో కొల్హాపూర్‌లో కమ్యూనిస్టు నాయకుడు పన్సారే, ధార్వాడలో కన్నడ పండితుడు కల్బుర్గి, 2017లో బెంగళూరులో పాత్రికేయురాలు గౌరీ లంకేశ్. నలుగురినీ తుపాకీతో కాల్చారు. దభోల్కర్ భక్తులను వెక్కిరించినవాడు కాదు. బాబాల మోసాలను బయటపెట్టిన వైద్యుడు.

చివరిది, సభలు జరగనివ్వకూడదన్న పిలుపు. నిజాం కాలంలో గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు ఉండేది. సభ పెట్టాలంటే ముందుగా సర్కారు అనుమతి తీసుకోవాలి. 1931లో దేవరకొండలో ఆంధ్ర మహాసభ జరుపుకున్న జిల్లా మనది, ఆ అనుమతుల బాధ మన పెద్దలకు తెలుసు. నాస్తిక సభలో ఎవరైనా దురుద్దేశంతో మాట్లాడితే ఫిర్యాదు చేయండి, కేసు పెట్టండి. అబద్ధం చెప్పారనుకుంటే మీరూ సభ పెట్టి జవాబు చెప్పండి. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర పెడితే నేనూ వచ్చి వింటాను, నా ప్రశ్నలు అడుగుతాను.