గదిలో పెట్టి తాళం వేస్తే మందు మానరు, ప్రాణం మీదికి వస్తుంది

బంధువుల గ్రూపులో, కాలేజీ గ్రూపులో, ఇప్పుడు అపార్ట్‌మెంట్ గ్రూపులో కూడా అదే మెసేజ్: 'మూడు రోజుల్లో మందు మాన్పించే సూత్రాలు'. కింద ఒక పొడి అమ్మే లింకు. పంపినవాళ్లు మంచి మనసుతోనే పంపారు. కానీ నమ్మి ఇంట్లో అమలు చేస్తే మనిషే పోవచ్చు.

'బ్రాందీ మాన్పించి బీరుకు మార్చండి' అట. బీరులో ఉన్నదీ ఆల్కహాలే. ఇంకో మాట అక్కర్లేదు.

'భార్య ప్రేమగా చూసుకుంటే మగాడు బార్ మెట్లెక్కడు' అట. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడింది మొగుళ్ల మీద ప్రేమ లేకనా? తాగేది ఆయన, సంజాయిషీ ఆవిడ ఇచ్చుకోవాలా?

'తెలియకుండా కూరలో పొడి కలపండి'. ఆ పొడిలో ఏముందో అమ్మేవాడికే తెలియాలి. డైసల్ఫిరామ్ అని డాక్టర్లు రాసే మాత్ర ఒకటుంది. అది వేసుకుని తాగితే మొహం ఎర్రబడుతుంది, వాంతులు, గుండెదడ, బీపీ పడిపోతుంది. అందుకే విషయం తెలిసి ఒప్పుకున్నవాళ్లకే ఇస్తారు. చెప్పకుండా సాంబారులో కలిపితే, ఆయన సాయంత్రం ఎప్పటిలాగే క్వార్టర్ వేస్తే, రాత్రి ఆసుపత్రికి మోసుకెళ్లాల్సింది మీరే.

ఇక నాకు ఒళ్లు మండింది ఈ సలహాకి: 'మూడు రోజులు గదిలో పెట్టి తాళం వేయండి, నిమ్మరసం తప్ప ఏమీ ఇవ్వకండి, అరిచినా తలుపు తీయకండి.' ఏళ్ల తరబడి రోజూ తాగే ఒంట్లో మందు ఒక్కసారిగా ఆగితే ఏమవుతుందో తెలుసా? కొన్ని గంటల్లోనే వణుకు మొదలవుతుంది. టీ గ్లాసు పెదాల దాకా వెళ్లేలోపు సగం చొక్కా మీదే ఒలికిపోతుంది. చెమటలు, నిద్ర ఉండదు. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులు దాటాక కొందరికి మతి తప్పుతుంది: గోడ మీద లేని చీమల్ని దులుపుతారు, దుప్పటిలో లేని దారాలు లాగుతారు. దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు, చికిత్స అందకపోతే చనిపోతారు. సరిగ్గా ఆ మూడు రోజులే తలుపు తీయొద్దంటున్నారు! ఆసుపత్రిలోనైతే వణుకు అదుపు చేసే మాత్రలు ఇచ్చి మెల్లగా తగ్గిస్తారు, మెదడు దెబ్బతినకుండా బి1 విటమిన్ ఎక్కిస్తారు. ఈ మెసేజేమో తిండి కూడా ఆపమంటోంది. 2020 లాక్‌డౌన్‌లో మందు షాపులు మూసిన కొద్ది రోజులకే ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు జనం ఎలా వచ్చారో మరిచిపోయారా? అదే ఏడాది ప్రకాశం జిల్లా కురిచేడులో మందు దొరక్క శానిటైజర్ తాగి పోయినవాళ్లకు మనోబలం ఉంటే చాలు, మానేయొచ్చని ఎవరు చెబుతారు?

'కంప్యూటర్ ఉద్యోగాల టెన్షన్ వల్లే తాగుతారు, ప్రకటనల వల్ల ఎవడూ తాగడు' అని ఇంకొకటి. కంప్యూటర్ ముట్టని తాపీ మేస్త్రీలూ తాగుతున్నారు. టీవీలో మద్యం ప్రకటనలు నిషేధం కాబట్టి అదే పేరు సోడా మీద, మ్యూజిక్ సీడీల మీద వేసి చూపిస్తారు. పనిచేయకపోతే అన్ని కోట్లు ఎందుకు పోస్తారు? మానాలని కష్టపడుతున్న మనిషికి ఆ సీసా రంగు కనబడితే చాలు, నోరు ఎండుకుపోతుంది. అలాంటివాళ్ల ఫోన్లో గూగుల్ 'మై యాడ్ సెంటర్' తెరిచి ఆల్కహాల్ ప్రకటనలు తగ్గించే ఆప్షన్ పెట్టండి. పొడి లింకు పంపడం కంటే మేలు.

ఒక్క మాట మాత్రం ఒప్పుకుంటాను. 'అయ్యప్ప మాల వేయించండి' అన్నది కొట్టిపారేయలేను. ఆ 41 రోజులు తాగమని బలవంతం చేసే స్నేహితుడు ఉండడు. నిన్నటిదాకా 'తాగుబోతు' అన్నవాళ్లే 'స్వామీ' అని పిలుస్తారు. పొద్దున స్నానం, సాయంత్రం భజన, చుట్టూ తోటి స్వాములు. మందు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగుల్లో దొరికేదీ దాదాపు ఇలాంటి తోడే. మాల తీసిన రోజే బార్‌కి వెళ్లేవాళ్లూ ఉన్నారు, అక్కడి నుంచే పూర్తిగా మానేసినవాళ్లూ ఉన్నారు. కానీ పొద్దున్నే చుక్క పడనిదే చేతులు నిలవనివాళ్లు మాల వేసుకునే ముందు ప్రభుత్వాసుపత్రి సైకియాట్రీ ఓపీలో చూపించుకోవాలి. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, టెలీ మానస్. వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేమీ తీసుకోరు. తాగే మనిషే కాదు, ఇంట్లో ఆవిడైనా చేయొచ్చు.