ట్రేసింగ్ బఫర్ పెంచేస్తే ఈవెంట్లు పోవంటున్న మెసేజ్‌లో ఎన్ని తప్పులున్నాయో చూడండి

ట్రేసింగ్ అంటే మెషీన్ లోపల జరిగే ఒక్కో సంఘటననీ (ఈవెంట్) రికార్డు చేయడం, అవి తాత్కాలికంగా నిలిచే మెమరీయే బఫర్. బెంగళూరులో మన తెలుగు ఇంజనీర్ల గ్రూపుల్లో ఈ మధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: "ట్రేసింగ్‌లో ఈవెంట్లు పోతున్నాయా? బఫర్ సైజు మెషీన్ మోయగలిగినంత పెంచేయండి, ఇక పోవు. ర్యామ్ ఎలాగూ ఖాళీగానే ఉంటుంది, వాడకపోతే భారం లేదు. డ్రాప్డ్ సున్నా చూపిస్తే ట్రేస్ మొత్తం వచ్చినట్టే. విండోస్‌లోనూ ఇదే రూలు." వైట్‌ఫీల్డ్ ఆఫీసుల్లో కొత్తగా చేరిన పిల్లలు దీన్ని ఉన్నదున్నట్టు కాపీ చేసి ప్రొడక్షన్ సర్వర్ల మీద పెట్టేస్తున్నారు. అందుకే ఒక్కో మాటా పట్టుకుని చెప్తాను.

"బఫర్ పెంచితే ఈవెంట్లు పోవు" అనేది మొదటి మాట. ఇక్కడ అసలు ప్రశ్న బఫర్ ఎంత అన్నది కాదు, ఈవెంట్లు ఎంత వేగంగా వచ్చి పడుతున్నాయి, వాటిని తీసి డిస్కులో రాసే ప్రోగ్రామ్ ఎంత వేగంగా రాస్తోంది అన్నది. అపార్ట్‌మెంట్ సంపులోకి నీళ్లు వచ్చే వేగం మోటారు తోడే వేగం కంటే ఎప్పుడూ ఎక్కువే ఉంటే, సంపు రెట్టింపు లోతు తవ్వించినా పొంగడం కాసేపు ఆలస్యమవుతుందంతే. కాసేపు ఉప్పెనలా వచ్చి తగ్గిపోయే ఈవెంట్లయితే పెద్ద బఫర్ నిజంగానే కాపాడుతుంది, ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. ఆగకుండా అదే జోరుగా వచ్చేవాటిని ఏ సైజూ కాపాడలేదు.

డిస్కుకి రాయకుండా మెమరీలోనే తిప్పుతుంటే బఫర్ సైజు చెప్పేది ఇంకొకటి, ఎంత వెనకటి చరిత్ర చేతికొస్తుంది అన్నది. లైనక్స్‌లోనే ఉండే ట్రేసింగ్ సాధనం ఎఫ్‌ట్రేస్‌లో మామూలుగా ఉండే డిఫాల్ట్ ఒక్కో సీపీయూకి 1408 కేబీ. 64 బిట్ కెర్నల్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెలో) షెడ్యూలర్ స్విచ్ ఈవెంట్, అంటే సీపీయూ ఒక పని వదిలి ఇంకోదానికి మారడం, ఒకటి దాదాపు 68 బైట్లు తింటుంది, అంటే సుమారు 21 వేల ఈవెంట్లు పడతాయి. ఆ సీపీయూ మీద సెకనుకి 20 వేల స్విచ్‌లు జరుగుతుంటే మీ దగ్గరున్నది ఒక్క సెకను కథ. కెర్నల్‌లో ప్రతి ఫంక్షన్ పిలుపునీ రాసే ఫంక్షన్ ట్రేసర్ ఆన్ చేశారా, ఒక్కోటి 28 బైట్లే అయినా సెకనుకి లక్షల్లో, పది లక్షల్లో వస్తాయి కాబట్టి ఆ సెకను కూడా మిగలదు. ఈ లెక్క వేసుకోవడానికి ఐదు నిమిషాలు చాలు, కానీ మెసేజ్‌లో దాని ఊసే లేదు, "పెంచేయండి" అని మాత్రమే ఉంది.

రెండో మాట మీద నాకు నిజంగా కోపం వస్తుంది, ఎందుకంటే దీనివల్ల నడుస్తున్న సర్వర్లు దెబ్బతింటాయి. "ర్యామ్ ఖాళీగానే ఉంటుంది, భారం లేదు" అట. ఎఫ్‌ట్రేస్‌లో బఫర్ సైజ్ కేబీ అనే ఫైల్‌లో మీరు రాసే అంకె మెషీన్ మొత్తానికి కాదు, ఒక్కో సీపీయూకి. 96 సీపీయూల సర్వర్ మీద "512 ఎంబీయే కదా" అని రాస్తే 48 జీబీ అడిగినట్టు. మొత్తం ఎంతో చూపించే ఫైల్ పక్కనే, టోటల్ అన్న పేరుతో ఉంది, దాన్నీ చూడండి. ఇది కెర్నల్ మెమరీ, స్వాప్‌కి (డిస్కులోకి) పోదు, అక్కడే కూర్చుంటుంది, మీ డేటాబేస్‌కి దక్కాల్సిన పేజీలు ఇందులో ఇరుక్కుంటాయి. ఆ క్షణంలోని ట్రేస్‌ని పక్కన దాచే స్నాప్‌షాట్ వాడితే అంతే సైజులో ఇంకో బఫర్ కేటాయిస్తుంది, అంటే రెట్టింపు.

వాడకపోతే భారం లేదన్న నమ్మకం ఎక్కడినుంచి వచ్చిందో ఊహించగలను. ట్రేసింగ్ ఎప్పుడూ మొదలుపెట్టని మెషీన్‌లో బఫర్ సైజ్ కేబీ ఫైల్ చదివితే 7 అని, పక్కన విస్తరిస్తే 1408 అని కనిపిస్తుంది, అంటే మొదటిసారి వాడేదాకా చిన్నగానే ఉంచుతుంది. అది నిజమే. కానీ ఒకసారి విస్తరించాక ట్రేసింగ్ ఆఫ్ చేసినంత మాత్రాన ఆ మెమరీ వెనక్కి రాదు, మీరే చిన్న అంకె రాసి విడిపించాలి. ఇది తెలియక శుక్రవారం సాయంత్రం ట్రేస్ ఆపేసి ఇంటికి వెళ్లిపోతే సోమవారం దాకా ఆ జీబీలు బందీగానే ఉంటాయి.

లైనక్స్‌లోని ఇంకో సాధనం పెర్ఫ్‌లో అయితే రూట్ (అడ్మిన్) కాని యూజర్‌కి అసలు హద్దే వేరు. మామూలు డిఫాల్ట్‌లో సీపీయూకి 516 కేబీ, అంటే 512 కేబీ డేటా, ఇంకో పేజీ హెడర్. అది దాటి అడిగితే పర్మిషన్ ఎర్రర్ రావచ్చు. డేటా పేజీల సంఖ్య కూడా రెండు, నాలుగు, ఎనిమిది లెక్కన రెట్టింపు అవుతూ పోయే అంకె అయ్యుండాలి.

ఇక "డ్రాప్డ్ సున్నా అంటే అన్నీ వచ్చినట్టే" అన్న మాట. అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే, ఎందుకంటే ట్రేస్‌లో లోపం ఉందని తెలియకుండానే దాని మీద ఆధారపడి తీర్పులు చెప్పేస్తాం. ఎఫ్‌ట్రేస్ డిఫాల్ట్‌గా ఓవర్‌రైట్ మోడ్‌లో ఉంటుంది, బఫర్ నిండగానే పాత ఈవెంట్ల మీద కొత్తవి రాసేస్తుంది. ఒక్కో సీపీయూకి ఉండే స్టాట్స్ ఫైల్‌లో డ్రాప్డ్ ఈవెంట్స్ అన్న అంకె పెరిగేది ఓవర్‌రైట్ ఆఫ్ చేసినప్పుడే. ఆన్‌లో ఉన్నంతసేపు అది సున్నాగానే ఉంటుంది, చెరిగిపోయినవి ఓవర్‌రన్ అన్న పక్క లైన్‌లో లెక్కకొస్తాయి. అక్కడ లక్షలు కనిపిస్తున్నా డ్రాప్డ్ సున్నా చూసి "లాక్ కోసం ఎవరూ ఆగలేదు, ట్రేస్‌లో లేదు కదా" అని రిపోర్ట్ రాస్తే, ఆగిన ఆ థ్రెడ్ ఈవెంటు అప్పటికే చెరిగిపోయి ఉండొచ్చు. ట్రేస్ ఫైల్ పైభాగంలో కూడా బఫర్‌లో ఉన్నవెన్ని, మొత్తం రాసినవెన్ని అని రెండు అంకెలుంటాయి. ఆ రెండూ వేరువేరుగా ఉంటే మీ చేతిలో ఉన్నది చివరి ముక్క మాత్రమే. దయచేసి ఈ లైన్ చూడకుండా ట్రేస్ గురించి మీటింగ్‌లో మాట్లాడకండి.

విండోస్ సంగతి. అక్కడి ట్రేసింగ్ వ్యవస్థ ఈటీడబ్ల్యూలో బఫర్ సైజు అంటే ఒక్క బఫర్ సైజు, మొత్తం కాదు. ఎన్ని బఫర్లు అనేది వేరే అంకె, కనీసం ప్రాసెసర్‌కి రెండు చొప్పున సిస్టమే పెట్టుకుంటుంది. 64 లాజికల్ ప్రాసెసర్ల మీద ఒక్కో బఫర్ 1 ఎంబీ అంటే మొదలే 128 ఎంబీ, అదీ మామూలుగా డిస్కుకి పోని నాన్‌పేజ్డ్ పూల్ నుంచి. పైగా ఒక ఈవెంట్ హెడర్‌తో కలిపి 64 కేబీ దాటితే, మీరు ఎన్ని జీబీల బఫర్ పెట్టినా అది రికార్డే కాదు. ఈటీడబ్ల్యూతో రికార్డు చేసే విండోస్ పెర్ఫార్మెన్స్ రికార్డర్ మామూలుగా మెమరీలోనే చుట్టూ తిప్పి రాస్తుంది, ఫైల్ మోడ్ అడగకపోతే అరగంట నడిపినా వచ్చేది ఆఖరి భాగమే. కాబట్టి ఇక్కడా అక్కడా "ఇదే రూలు" అనడం కుదరదు, అంకెలకి అర్థాలే వేరు.

మరి ఏం చేయాలి? ముందు ఈవెంట్లు తగ్గించండి. మీకు ఒక్క ప్రాసెస్ గురించి కావాలంటే దాని పిడ్ (ప్రాసెస్ నంబర్) మాత్రమే పెట్టండి, ఈవెంట్ మీద ఫిల్టర్ రాయండి, ఫంక్షన్ ట్రేసర్ అన్నిటి మీదా వదలకండి. అరుదుగా వచ్చే సమస్య అయితే బఫర్ పెంచడం కంటే, ఆ సమస్య కనబడిన క్షణంలోనే రికార్డింగ్ ఆగిపోయేలా ట్రేస్ ఆఫ్ ట్రిగ్గర్ పెట్టడం ఎంతో మేలు, అప్పుడు డిఫాల్ట్ బఫర్‌లోనే కావలసిన ముక్క దొరికే అవకాశం ఎక్కువ. ఆ తర్వాత కూడా చాలకపోతే పెంచండి, సీపీయూల సంఖ్యతో గుణించి చూసుకుని, పని అయ్యాక మళ్లీ తగ్గించి.