సంకోచ, వ్యాకోచాలు

వస్తువులు వేడికి వ్యాకోచిస్తాయి, చల్లబడితే సంకోచిస్తాయి అని బడిలో చదువుకున్నాం. ఈ పాఠాన్ని వెంటనే సవరించాలని శ్రీకాకుళం పౌరుడిగా కోరుతున్నాను. నడివేసవిలో, కరెంటు పోయిన గదిలో, ఇచ్చిన అప్పు అడగడానికి కూర్చున్న మనిషి ఎంత సంకోచిస్తాడో ఆ పాఠం రాసినవారు చూసినట్టు లేదు.

సంకోచమంటే సంస్కృతంలో ముడుచుకుపోవడమే. ఆ మాట మనం సభలకే దాచుకున్నాం. "నిస్సంకోచంగా చెప్పండి" అన్నారంటే చెప్పకపోతేనే మంచిదని అర్థం. ఇంటి వాడకానికి వేరే సరుకుంది. జంకు, బెరుకు పిల్లలవి. తటపటాయింపు ఉద్యోగం వచ్చాక వస్తుంది. నీళ్ళను నమలాల్సిన అవసరం ఏ ప్రాణికీ లేదు, మనకి తప్ప. ఇక మీనమేషాలు. రాశుల్లో మీనం 12వది, మేషం మొదటిది, పక్కపక్కనే ఉంటాయి. అయినా ఆ రెండూ లెక్కపెట్టడానికి మనకు ఏడాది చాలదు. సూర్యుడు మాత్రం ఏటా ఏప్రిల్ నడుమ ఇటు నుంచి అటు దాటేస్తాడు. అరసవల్లిలో గుడి ఉంది కదాని మనవాడే అనుకుంటాం గానీ, ఈ విషయంలో ఆయనకి మన పోలిక రాలేదు.

రైలుకి వచ్చింది. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో. ఊళ్ళోకి రావడానికి మొహమాటపడి అక్కడే ఆగిపోయిందని నా అనుమానం.

మా బావగారి ఇల్లూ ఆమదాలవలసలోనే. సంక్రాంతికి ఇచ్చిన 5,000 అడుగుదామని మొన్న ఆదివారం వెళ్ళాను.

"ఏటి బావా, ఇంత ఎండలో?"

"మరేటంటే..."

ఈ 'మరేటంటే' మా జిల్లా ఆస్తి. గిడుగు రామమూర్తి పంతులుగారు 1863లో ఇక్కడి పర్వతాలపేటలోనే పుట్టారు. జనం నోట్లో మాటే పుస్తకాల్లోకి రావాలని జీవితమంతా పోరాడారు. వచ్చింది కూడా. 'మరేటంటే' తరవాత రావాల్సిన మాట ఒక్కటే ఇంకా నోట్లోకే రాలేదు.

ఈలోగా ఉప్మా వచ్చింది. "మొహమాటపడకు అన్నయ్యా" అంటూ చెల్లెలు రెండో గరిటె వేసింది. మొహమాటపడే మూడోదీ వేయించుకున్నాను. జీడిపప్పు దండిగా వేశారు. అందులో నా డబ్బు ఎంతుందో లెక్కేసుకుంటూ తిన్నాను.

బావగారు గేటు దాకా వచ్చారు. "అన్నట్టు బావా, మొన్న రాత్రి వాట్సాప్‌లో మీ పేరు కింద అరగంట సేపు టైపింగ్, టైపింగ్ అని చూపించింది. తీరా చూస్తే గుడ్ నైట్ పెట్టారు. ఏటైనా పనుందా?"

"అబ్బే, ఏం లేదండి. ఇవాళ కూడా ఎవర్నో రైలెక్కించడానికి వచ్చి, పన్లో పని ఇటొచ్చాను."

ఎవర్ని, ఏ రైలు అని ఆయన అడగలేదు. పాపం, ఆయనకీ మొహమాటమే.