చదివేవాళ్ల వల్ల లైబ్రరీలకు జరుగుతున్న నష్టం

పుస్తకాలు చదివేవాళ్లతో పెద్ద చిక్కొచ్చిపడింది. ఒక నవల తెరిచారంటే మూడు రోజులు దాన్ని పట్టుకునే ఉంటారు. ఆ మూడు రోజుల్లో ఎన్ని పుస్తకాలకు కవర్ పేజీలు పెట్టొచ్చు, ఎన్నిటికి ట్యాగులు తగిలించొచ్చు, ఎన్ని పీడీఎఫ్‌లను ఈపబ్‌లుగా, అంటే ఈబుక్ రీడర్లకు నప్పే ఫార్మాట్‌లోకి మార్చి, చూసుకుని, బాలేదని డిలీట్ చేసి మళ్లీ పీడీఎఫ్‌గానే ఉంచేయొచ్చు! ఈ నష్టం గురించి ఒక్కరూ నోరు విప్పరు.

నా కంప్యూటర్లో 2,346 ఈబుక్కులున్నాయి, అన్నీ క్యాలిబర్‌లో ఉన్నాయి. తెలియనివాళ్లకు చెబుతున్నా, అది ఈబుక్కులను సర్దుకోవడానికి ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్. కోవిద్ గోయల్ అనే ఆయన 2006లో సోనీ ఈబుక్ రీడర్ ఒకటి కొనుక్కుంటే అది లినక్స్‌తో పనిచేయలేదట, ఇక లాభం లేదని తనే ప్రోగ్రామ్ రాసుకోవడం మొదలుపెట్టాడు. అంటే ఆయన చదువుకుందామనే మొదలుపెట్టాడన్నమాట. నాలాంటివాళ్లం దాన్ని ఆ స్థాయి నుంచి పైకి తీసుకొచ్చాం.

క్యాలిబర్‌లో మనకు కావలసిన కాలమ్ మనమే పెట్టుకోవచ్చు. నేను ‘చదివాను’ అని ఒకటి పెట్టుకున్నాను. అందులో పదకొండు టిక్కులున్నాయి. రెండు వాషింగ్ మెషీన్ మాన్యువల్స్.

అసలు పని తెలుగు పేర్ల దగ్గర మొదలవుతుంది. ఈ సాఫ్ట్‌వేర్ పేరులో చివరి మాటను ఇంటిపేరు అనుకుని, అకారాది వరసకు దాన్ని ముందుకు లాగుతుంది. ఇంగ్లిష్ వాళ్లకు అది సరిగ్గా సరిపోతుంది. మనకు ఇంటిపేరు ముందే కూర్చుంటుంది కదా. దాంతో గురజాడ అప్పారావు గారు ‘అప్పారావు, గురజాడ’ అయిపోయి స్కూల్ హాజరుపట్టీలో పిల్లాడిలా నిలబడ్డారు. ఇంకో ఫైల్లో ఆయనే గురజాడ వెంకట అప్పారావు, మరోదాంట్లో జి.వి. అప్పారావు, ఇంకోదాంట్లో ఒట్టి గురజాడ. మనిషి ఒకడే, నా లైబ్రరీలో మాత్రం నలుగురు. ఇక ‘రావు’ని విడదీసి రాసిన ఫైళ్ల సంగతి చెప్పక్కర్లేదు. తెలుగు సాహిత్యంలో సగం రావు అనే ఒకే ఇంటివాళ్లు రాశారని తేలింది. కూర్చుని చేత్తో ఆరు వందల పేర్లు దిద్దాను. రెండేళ్ల తర్వాత తెలిసింది, సెట్టింగుల్లో ట్వీక్స్ అనే చోట ‘కామా’ తీసేసి ‘కాపీ’ అని ఒక్క మాట మార్చి, పాత పేర్లన్నిటినీ మళ్లీ లెక్కగట్టించే బటన్ నొక్కితే చాలని. సంతోషం వేయలేదు, నిజం చెప్పాలంటే దిగులేసింది. ఇక రేపటి నుంచి ఏం చెయ్యాలి?

వీళ్లందరినీ మించిన రచయిత ఒకాయనున్నారు. అన్‌నోన్ గారు. ఫైల్లో రచయిత పేరు దొరక్కపోతే క్యాలిబర్ ఆయన ఖాతాలో వేసేస్తుంది. నా దగ్గర ఆయనవి 412 ఉన్నాయి. శతకాలు, హోమియో వైద్యం, కోళ్ల పెంపకం, ఉపనిషత్తుల వ్యాఖ్యానం, రెండు డిటెక్టివ్ నవలలు. ఇంత విస్తృతంగా రాసినాయనకు ఇంతవరకు ఒక్క శాలువా కూడా కప్పలేదు మనవాళ్లు.

ఫార్మాట్ మార్చడం మరో రంగం. పాత డీటీపీ ఫాంట్లతో చేసిన పుస్తకాలు కంటికి తెలుగే గానీ కంప్యూటర్‌కు ఇంగ్లిష్ గుర్తులు, అవి యూనికోడ్ కావు మరి. ఈపబ్‌గా మార్చగానే పద్యమంతా డాలర్లు, బ్రాకెట్లు, కొమ్ములున్న ఏదో లాటిన్ అక్షరాలూ అయి కూర్చుంటుంది, చూస్తే ఎవరో మనల్ని తిడుతున్నట్టుంటుంది. స్కాన్ చేసినవైతే లోపల అక్షరాలే ఉండవు, అన్నీ ఫోటోలే, కొన్నిట్లో స్కాన్ చేసినాయన బొటనవేలు కూడా ఉంటుంది. ఇవన్నీ నాకు తెలుసు. అయినా కన్వర్ట్ నొక్కుతాను. కింద కుడి మూల ‘జాబ్స్: 1’ అని వచ్చి చిన్న చక్రం తిరుగుతుంటే ఇంట్లో ఎవరైనా చూసినా పనిలో ఉన్నాననుకుంటారు.

లైబ్రేరియన్ ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లో గ్రంథాలయ శాస్త్రానికి అయిదు సూత్రాలు రాశారు. పుస్తకాలు ఉన్నది వాడుకోవడానికి, ప్రతి పాఠకుడికీ తన పుస్తకం, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు, పాఠకుడి సమయం ఆదా చెయ్యి, లైబ్రరీ పెరుగుతూ ఉంటుంది అని. పెద్దాయన మాటను కాదనకూడదు గానీ, మొదటి నాలుగింటిలో పాఠకుడనే మనిషి మరీ ఎక్కువగా అడ్డొస్తున్నాడు. అయిదోది మాత్రం నేను అక్షరాలా పాటిస్తున్నాను, నిన్న కూడా పద్నాలుగు పెరిగాయి.

సేవాభావం లేదనుకునేరు. ఒకప్పుడు కృష్ణా కాలువల మీద పడవల్లో పుస్తకాలు పెట్టుకుని ఊరూరూ తిరిగారు మనవాళ్లు. ఆ స్ఫూర్తితోనే నేను క్యాలిబర్ కంటెంట్ సర్వర్ ఆన్ చేశాను. వైఫైలో ఉన్న ఎవరైనా ఫోన్లో 8080 పోర్టుకు వచ్చి నా పుస్తకాలు చదువుకోవచ్చు. ఇప్పటిదాకా వచ్చిన పాఠకుడు ఒకడే. సర్వర్ పనిచేస్తోందో లేదో చూడ్డానికి బెడ్రూమ్‌లోంచి వచ్చిన నేను.

మొన్న ఆదివారం మాత్రం రెండో పాఠకురాలు దొరికింది. అమ్మ.

“ఒరేయ్, అన్ని పుస్తకాలున్నాయంటావుగా, నేను చదివిన ఆ సీరియల్ ఉందా?” అని పేరు చెప్పింది. ఉంది. అన్‌నోన్ గారి ఖాతాలో, పదమూడంకెల పేరుతో, పేజీలన్నీ అడ్డంగా తిరిగి ఉంది. అలా ఎలా ఇస్తాను? “అయిదు నిమిషాలమ్మా” అని ముందు రచయిత్రి పేరు వేశాను. తర్వాత కవర్ కోసం, నెట్‌లోంచి పుస్తకం వివరాలు తెచ్చే మెటాడేటా డౌన్‌లోడ్ కొడితే మూడొచ్చాయి. ఒకటి వేరే నవలది, ఒకటి వంటల పుస్తకం, ఒకటి ఏ భాషో తెలియలేదు.

వెనక స్టూలు లాగిన చప్పుడు. అమ్మ అటక మీద నుంచి, పెళ్లికి ముందు వారపత్రికల్లోంచి కాగితాలు చించి బైండు చేయించుకున్న కట్ట దింపి, పైటచెంగుతో దుమ్ము దులుపుకుని కిటికీ దగ్గర కూర్చుంది. మధ్యలో ఒక వారం సంచిక పక్కింటివాళ్లు పట్టుకెళ్లి ఇవ్వలేదట, అందుకని ఏడో భాగం లేదు, అక్కడ వేరే సీరియల్ ముక్క ఉంది.

“అమ్మా, ఇందులో ఏడో భాగం కూడా ఉంది, ఒక్క పది నిమిషాలు” అన్నాను.

“దాంట్లో ఏం జరిగిందో నాకు తెలుసులేరా” అని పేజీ తిప్పింది. నేను వంటల పుస్తకం కవరే కాస్త నయంగా ఉందని దాన్ని పెట్టి సేవ్ చేశాను.