‘గానుగ పెడితే నెలకు లక్ష’: ఈ లెక్క ఎక్కడెక్కడ తప్పు

అనంతపురం జిల్లాలో డిగ్రీ ముగించిన పిల్లల ఫోన్లలో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. “ఉద్యోగం వెతుక్కోవద్దు. ముద్రాలో పది లక్షలు పూచీ లేకుండా ఇస్తారు, 35 శాతం సబ్సిడీ. గానుగ పెట్టండి. క్వింటాల్ గింజలకు 50 లీటర్ల నూనె, లీటరు 300. నెలకు లక్ష మిగులుతుంది” అని. సొంత కాళ్ల మీద నిలబడాలనుకోవడం మంచిదే. శెనక్కాయ పండే నేల మీద గానుగ పెట్టాలన్న ఆలోచనా మంచిదే. అందుకే ఈ తప్పుడు లెక్కను చూసీ చూడనట్టు వదిలేయకూడదు.

మొదట సబ్సిడీ మాట. ముద్రాలో సబ్సిడీ లేనే లేదు. 2015లో మొదలైన ఆ పథకం కింద వచ్చేది పూచీకత్తు అడగని అప్పు, అంతే. అడిగిన ప్రతివాళ్లకూ పది లక్షలు ఇవ్వరు. బ్యాంకు ప్రాజెక్టు రిపోర్టు చూస్తుంది, పాత అప్పులు ఎలా కట్టారో చెప్పే సిబిల్ స్కోరు చూస్తుంది. కంతులు తప్పితే ఆ మచ్చ రేపు ఇంటి లోనుకు వెళ్లినప్పుడు అడ్డం పడుతుంది.

35 శాతం అన్నది పీఎంఈజీపీ లెక్క. కొత్తగా సొంత యూనిట్ పెట్టేవాళ్లకు బ్యాంకు అప్పుతో పాటు సబ్సిడీ ఇచ్చే వేరే కేంద్ర పథకం అది. పల్లెలో పెడితే ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు, మహిళలకు 35. జనరల్ వాళ్లకు 25. టౌన్‌లో అయితే 25, 15. జనరల్ అబ్బాయి పల్లెలో పది లక్షల యూనిట్ పెట్టాలంటే లక్ష తనే పెట్టుకోవాలి. రెండున్నర లక్షల సబ్సిడీ చేతికి రాదు. మూడేళ్లు బ్యాంకులో డిపాజిట్‌గా ఉండి, యూనిట్ నడుస్తోందని తనిఖీలో తేలాకే అప్పులో జమవుతుంది. ఆ మేరకు అప్పు మీద వడ్డీ వెయ్యరు, అదొక మేలు. మధ్యలో మూసేస్తే సబ్సిడీ వెనక్కి పోతుంది. అన్నిటికన్నా ముఖ్యం: అప్పటికే నడుస్తున్న యూనిట్‌కు ఇది వర్తించదు. ముందు మిషన్ కొని, నడిపించి, తర్వాత దరఖాస్తు పెట్టేవాళ్లు ఇక్కడే నష్టపోతారు.

ఇక 50 లీటర్లు. వేరుశనగ గింజలో ఉండే నూనే దాదాపు 48 శాతం. గానుగ దాన్నంతా పిండలేదు, 40 శాతం దిగితే బాగా దిగినట్టు. క్వింటాల్‌కు 40 కిలోలు, అంటే సుమారు 43 లీటర్లు. గింజ మరీ ఎండితే చెక్క (నూనె తీయగా మిగిలే పిప్పి) ముద్దకట్టదు, నూనె దిగదు. అందుకని నీళ్లు చల్లుతారు. చెయ్యి కాస్త జారిందంటే నూనెలో తేమ నిలిచి త్వరగా ముక్కిన వాసన కొడుతుంది. తీసిన నూనెను స్టీలు డ్రమ్ములో రెండు మూడు రోజులు తేరనిచ్చి, అడుగున మడ్డి కదలకుండా పైనూనె వడకట్టాలి. బూజు పట్టిన, ముడతపడ్డ గింజలను ఆడించక ముందే ఏరెయ్యాలి. అఫ్లాటాక్సిన్ విషం ఆ బూజులోనే పుడుతుంది. రిఫైనింగులో అది చాలావరకు పోతుంది, గానుగలో పోదు. చెక్కలో మిగిలింది పశువు తింటే పాలలోకీ వస్తుంది. ఏరే కూలీ, ఏరగా పోయే గింజా మెసేజ్‌లో ఎక్కడా లేవు.

డబ్బు లెక్క చూద్దాం. 2025-26లో మద్దతు ధర క్వింటాల్ కాయలకు 7,263 రూపాయలు. కాయలో 68 శాతం గింజ అనుకుంటే క్వింటాల్ గింజలు దాదాపు 10,700 పడతాయి. నూనె 300 చొప్పున 12,900. చెక్క కిలో 35 వేసుకుంటే ఇంకో 2,000. మిగులు 4,200. అంగడి కమీషన్ 12 శాతం, సీసాకు పది రూపాయలు తీసేస్తే 2,200. రోజుకో క్వింటాల్ చొప్పున 26 రోజులు ఆడించినా 57 వేలు. కరెంటు, కూలి, అద్దె, కంతు అందులోంచే పోవాలి. లక్ష ఎక్కడుంది?

అసలు ఇరుక్కునేది ఆడించడంలో కాదు, అమ్మడంలో. నెలకు 1,118 లీటర్లంటే, ఇంటికి నాలుగు లీటర్ల లెక్కన 280 ఇళ్లు రిఫైండ్ నూనె పూర్తిగా మానెయ్యాలి. టిన్నులోంచి విడిగా పోసి అమ్మడానికి చట్టం ఒప్పుకోదు. సీసాలో నింపి, లేబుల్ వేసి, ఫుడ్ సేఫ్టీ అనుమతితోనే అమ్మాలి. అంత అమ్మకం నిజంగా జరిగితే ఏడాదికి 40 లక్షలు దాటి జీఎస్టీ రిజిస్ట్రేషన్ కూడా వస్తుంది.

పెట్టుబడి తినేది కూడా మిషన్ కాదు, సరుకు. ఖరీఫ్ కాయ చేతికొచ్చినప్పుడే కొని పెట్టుకోవాలి. మూడు నెలలకు 78 క్వింటాళ్ల గింజలంటే ఎనిమిది లక్షల పైమాటే.

ఉద్యోగం దండగ అన్న మాటకు పెద్ద జవాబు అక్కర్లేదు. ఈపీఎఫ్ (ఉద్యోగుల భవిష్య నిధి) వర్తించే ఉద్యోగంలో యజమాని 12 శాతం కడతాడు, ఈఎస్‌ఐ ఉంటే 21,000 లోపు జీతానికి వైద్యం దొరుకుతుంది. గానుగ పెట్టినవాడికి ఇవి కట్టేవాళ్లుండరు. తన జీతం, ఇన్సూరెన్స్ ఖర్చు కిందే రాసుకుని ఆ తర్వాత లాభం చూసుకోవాలి.

ఉద్యోగం చేస్తూనే దీన్ని పరీక్షించవచ్చు. కూలికి ఆడించే గానుగలో 20 కిలోల గింజలు ఆడిస్తే ఎనిమిదిన్నర లీటర్లు వస్తాయి. ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ చేయించుకుని, చుట్టాలకు కాకుండా ముఖపరిచయం లేని ఇళ్లకు అమ్మాలి. రెండో నెల, మూడో నెల ఎవరు మళ్లీ అడిగారో రాసి పెట్టుకోవాలి. నూరు ఇళ్లు నిలిస్తే, మిషన్‌కు కొటేషన్ మాత్రమే తీసుకుని, అడ్వాన్సు కట్టకుండా పీఎంఈజీపీ దరఖాస్తు కోసం జిల్లా పరిశ్రమల కేంద్రానికి వెళ్లండి.